మూడు గొట్టాల కథ

1970ల మొదట్లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మర్రే హిల్‌లో ఉన్న బెల్ లాబ్స్‌కి ఒక ఫొటో టైప్‌సెట్టర్ వచ్చింది. గ్రాఫిక్ సిస్టమ్స్ అనే కంపెనీ తయారు చేసిన ఆ యంత్రాన్ని క్యాట్ అనేవాళ్లు. సీసపు అక్షరాలు పేర్చే పని లేదు. అక్షరాల రూపాలను వెలుగుతో నేరుగా ఫొటో కాగితం మీదికి దించేది. ఆ కాగితాన్ని రసాయనాల్లో కడిగితే గానీ అందులో ఏముందో తెలియదు. కమాండ్ కొట్టి, యంత్రం ఆగేదాకా కాచుకుని, తీరా కాగితం కడిగి చూస్తే కొన్నిసార్లు వ్యాసం ఉండేది కాదు. దాని చోట ఒకే ఒక్క వాక్యం, ముత్యాల్లాంటి అచ్చులో కనిపించేది: ఫలానా ఫైలు తెరవలేకపోయాను.

తప్పు ఎక్కడ జరిగిందంటే, అప్పటి యూనిక్స్‌లో ప్రోగ్రాం నుంచి బయటికి వెళ్లే దారి ఒక్కటే. పని ఫలితమైనా, పని చెడిందన్న ఫిర్యాదయినా అదే గొట్టంలోంచి పోవాలి. ఆ గొట్టం చివర టైప్‌సెట్టర్ తగిలించి ఉంటే ఫిర్యాదు కూడా అచ్చవుతుంది. ఇలా ఖరీదైన కాగితం కొంత పాడయ్యాక ఫిర్యాదుల కోసం విడిగా ఇంకో దారి తీశారు. అదే స్టాండర్డ్ ఎర్రర్. యాక్ అనే ప్రసిద్ధ ప్రోగ్రాం రాసిన స్టీవ్ జాన్సన్ తర్వాతి కాలంలో ఈ ముచ్చట చెప్పాడు. 1975 నాటి యూనిక్స్ ఆరో కూర్పుకల్లా ప్రతి ప్రోగ్రాంకీ మూడు గొట్టాలు స్థిరపడ్డాయి. సున్నా నంబరుది లోపలికి, ఒకటో నంబరుది బయటికి, రెండోది ఫిర్యాదులకి.

యాభై ఏళ్లు గడిచాక, తన లాప్‌టాప్‌లోని ఏఐ అసిస్టెంట్‌కి ఒక చిన్న టూల్ సర్వర్ పెట్టుకుందామని కూర్చున్న వాళ్లలో చాలామంది మొదటిరోజు చేసే తప్పు సరిగ్గా ఇదే. ప్రోగ్రాం నడుస్తోందో లేదో చూసుకోవడానికి మధ్యలో ఒక ప్రింట్ వాక్యం రాస్తారు. ‘మొదలైంది’ అన్న మాట ఒకటో గొట్టంలోకి వెళుతుంది. ఆ గొట్టం అవతల చెవొగ్గి కూర్చున్న అసిస్టెంట్‌కి కావలసింది ఒక కట్టుదిట్టమైన సందేశం. వచ్చింది మనుషుల మాట. బోధపడక తప్పుపడుతుంది, ఒక్కోసారి సంబంధమే తెగిపోతుంది. ప్రింట్‌ని రెండో గొట్టంలోకి మళ్లిస్తే అంతా సర్దుకుంటుంది.

పదినిమిషాల పనిగా చెప్పే ఈ సర్వర్ అమరికలో ఇలాంటివి అడుగడుగునా తగులుతాయి. పైకి కొత్త పరికరమే. లోపల మాత్రం పాత ఇంటి గోడల్లా పొరలు పొరలుగా వేసిన సున్నం ఉంది.

ముందు సర్వర్ అన్న మాట దగ్గర ఆగాలి. ఆ మాట వినగానే ఎయిర్ కండిషన్ గదిలో గుయ్‌మనే ఇనుప బీరువాలు కళ్లముందు మెదులుతాయి. ఇక్కడి సర్వర్ అది కాదు. ఇరవై ముప్ఫై వరుసల్లో రాయగలిగిన ప్రోగ్రాం, అదీ మన కంప్యూటర్‌లోనే నడిచేది. పాత ఉడిపి హోటళ్లలో సర్వర్ అని పిలిచే మనిషి దీనికి దగ్గరి చుట్టం. బల్ల దగ్గర కూర్చున్నవాడు వంటింట్లోకి వెళ్లడు. ఏమేం ఉన్నాయని అడుగుతాడు, సర్వర్ చదివి వినిపిస్తాడు. ఒకటి తెమ్మంటే తెచ్చి పెడతాడు. టూల్ సర్వర్ అసిస్టెంట్‌కి చేసేది అంతే. నా దగ్గర ఈ పనిముట్లున్నాయని జాబితా ఇస్తుంది, అడిగినది చేసి ఫలితం తెచ్చిస్తుంది. ఫోల్డర్‌లోని ఫైళ్లు చదవడం, డేటాబేస్‌లో వెతకడం, క్యాలెండర్‌లో ఒక సమయం రాయడం వంటివి దాని వంటకాలు.

ఈ ఇద్దరి మధ్య మాట నడిచే గొట్టం చరిత్ర 1964 అక్టోబరు 11న మొదలవుతుంది. ఆ తేదీతో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ బెల్ లాబ్స్‌లో ఒక మెమో టైపు చేశాడు. ప్రోగ్రాంలను తోటకు నీళ్లు పెట్టే గొట్టాల్లా ఒకదానికొకటి బిగించే వీలుండాలని, సమాచారాన్ని ఇంకో రకంగా మలచాల్సి వస్తే ఇంకో ముక్క తగిలించుకుంటే సరిపోవాలని అందులోని ఊహ. మెట్టపొలంలో స్ప్రింక్లర్ పైపులు ఒకదానికొకటి తగిలించే రైతుకి ఈ పోలిక విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే అప్పటికి యూనిక్స్ పుట్టనే లేదు. అది 1969 మాట. పుట్టాక కూడా మెక్‌ఇల్‌రాయ్ పోరు పెడుతూనే వచ్చాడు. చివరికి 1973 ప్రాంతంలో కెన్ థాంప్సన్ ఒక్క రాత్రి కూర్చుని యూనిక్స్‌లో పైపు పెట్టేశాడు. ఎన్నో ప్రోగ్రాంలు అందుకు తగ్గట్టు అదే ఊపులో సవరించాడు. మర్నాటి నుంచి అక్కడ అందరికీ అదే ఆట, చిన్న చిన్న ప్రోగ్రాంలను ఒకే వరుసలో గుచ్చి పెద్ద పని చేయించడం. రెండు కమాండ్ల మధ్య గీసే నిలువు గీత కూడా థాంప్సన్ పెట్టిందే.

గొట్టంతోపాటు ఇంకో అలవాటు వచ్చింది. ఒక ప్రోగ్రాం ఇంకోదాన్ని బిడ్డలా పుట్టించి, దాని మూడు గొట్టాల కొసలూ తన చేతిలో పెట్టుకోవడం. ఇంటర్నెట్ సామాన్యుల చేతికి వస్తున్న రోజుల్లో, 1993లో, ఇల్లినాయి విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో తయారైన వెబ్ సర్వర్ ఇదే పద్ధతి పట్టుకుంది. ఎవరైనా ఫారం నింపి పంపితే సర్వర్ ఒక చిన్న ప్రోగ్రాంని లేపి, ఫారంలోని వివరాలు దాని సున్నా గొట్టంలో పోసి, ఒకటో గొట్టంలోంచి వచ్చిన పేజీని పంపినవాడికి చూపించేది. సీజీఐ అన్న ఆ పద్ధతి కొన్నేళ్లపాటు వెబ్‌లో విరివిగా వాడుకలో ఉంది. ఈనాటి డెస్క్‌టాప్ అసిస్టెంట్ టూల్ సర్వర్‌ని నడిపే తీరూ ఇదే కుటుంబానిది. అప్లికేషన్ తెరవగానే బిడ్డ ప్రోగ్రాం లేస్తుంది, అప్లికేషన్ మూసి సున్నా గొట్టం కట్టేస్తే అది వెళ్లిపోతుంది. మధ్యలో నెట్‌వర్క్ లేదు, పోర్టు నంబరు లేదు, పాస్‌వర్డ్ లేదు.

గొట్టం సరే, అందులో ఏ భాష పారాలి? దీనికి జవాబు 2001 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలోని ఒక గ్యారేజీలో దొరికింది. చిప్ మార్నింగ్‌స్టార్ ఇల్లది. ఆయనా, డగ్లస్ క్రాక్‌ఫర్డ్ కలిసి ఒక బ్రౌజర్ పేజీకి జావాస్క్రిప్ట్ రూపంలోనే కొంత సమాచారం పంపి చూశారు. మొట్టమొదటి సందేశమే తప్పింది. అందులో ఒక చోట డూ అన్న చిన్న మాట పేరుగా వాడారు, అది జావాస్క్రిప్ట్ తనకోసం అట్టిపెట్టుకున్న మాటల్లో ఒకటి. అట్టిపెట్టుకున్న మాటల చిట్టా అంతా నియమాల్లో రాయడం దండగని తోచి, అసలు ప్రతి పేరునూ కోట్స్‌లో పెట్టి తీరాలని క్రాక్‌ఫర్డ్ నియమం పెట్టాడు. ఆ భాషకి జేసన్ అని పేరు పెట్టాడు. దాన్ని కనిపెట్టలేదు, ఉన్నదాన్ని గుర్తించానంతే అని చెప్పుకునేవాడు. వ్యాఖ్యలు రాసుకునే వీలు కూడా తనే తీసేశాడు. జనం వ్యాఖ్యల మాటున యంత్రాలకు ఆదేశాలు ఇరికిస్తున్నారని ఆయన అభ్యంతరం. ఇలాంటి కట్టుబాట్ల ఫలితం టూల్ సర్వర్ పెట్టుకునే ప్రతివాళ్లకీ తగులుతుంది. సెట్టింగ్స్ ఫైలు జేసన్‌లోనే ఉంటుంది. ఒక పేరుకి కోట్స్ మరిచినా, జాబితా చివర ఒక కామా మిగిల్చినా, ఇది ఫలానా అని పక్కన గుర్తు రాసుకున్నా ఫైలు మొత్తం చెల్లదు.

జేసన్‌లో ‘ఫలానా పని చెయ్యి, ఇవిగో వివరాలు’ అని అడిగి, ‘ఇదిగో ఫలితం’ అని బదులు పొందే పద్ధతికి జేసన్ ఆర్‌పీసీ అని పేరు. దాని రెండో కూర్పు 2010లో వచ్చింది. ఇది నిజానికి గొప్పగా చెప్పుకునే విషయం కాదు, కొద్ది పేజీల నియమాలు. కానీ అంత చిన్నది కాబట్టే అందరి చేతిలోనూ ఇమిడింది.

అసలు మలుపు ప్రోగ్రామర్ల గుమ్మంలో వచ్చింది. ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్లు బోలెడు, భాషలూ బోలెడు. పది ఎడిటర్లు, ఇరవై భాషలు అనుకుంటే ప్రతి ఎడిటర్‌కీ ప్రతి భాషా నేర్పడానికి రెండు వందల అతుకులు కావాలి. మైక్రోసాఫ్ట్ తన విజువల్ స్టూడియో కోడ్ ఎడిటర్ కోసం ఒక కొత్త దారి తొక్కింది. భాష తెలిసిన ప్రోగ్రాం విడిగా నడుస్తుంది, ఎడిటర్ దాన్ని గొట్టంలోంచి జేసన్ ఆర్‌పీసీలో అడుగుతుంది. 2016 జూన్ 27న రెడ్ హ్యాట్, కోడెన్వీ సంస్థలతో కలిసి దీన్ని అందరికీ తెరిచిన ప్రమాణంగా ప్రకటించింది. పేరు లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్. రెండు వందల అతుకుల చోట ముప్ఫై చాలు. అప్పటిదాకా ఎడిటర్ల మధ్య జరిగిన మతయుద్ధాలు ఆ దెబ్బతో కొంత చల్లబడ్డాయి కూడా.

ఇక ఏఐ వైపు. చాట్‌జీపీటీ వచ్చిన కొన్ని నెలలకే అందరికీ తెలిసొచ్చిన లోటు ఒకటుంది. అది మాట్లాడుతుంది, కానీ మన ఫైలు చూడదు, మన పని ముట్టదు. దాన్ని తయారు చేసిన ఓపెన్‌ఏఐ 2023 మార్చిలో ప్లగిన్లు అని ఒక దారి తెరిచింది. అవి ఇంటర్నెట్‌లో ఎక్కడో నడవాలి, ఆ ఒక్క ఉత్పత్తికే పనికొస్తాయి. 2024 ఏప్రిల్‌కల్లా మూతపడ్డాయి. ఈలోగా 2023 జూన్‌లో ఫంక్షన్ కాలింగ్ వచ్చింది. ఫలానా పనిముట్టు వాడదలిచానని మోడల్ జేసన్ రూపంలో చెప్పగలిగింది. చెప్పడం వరకే దాని పని. ఆ పనిముట్టుని తెచ్చి కలిపే భారం ప్రతి కంపెనీ, ప్రతి ప్రోగ్రామరూ ఎవరికి వారు మోసుకున్నారు. మళ్లీ అదే రెండు వందల అతుకుల లెక్క.

2024లో ఆంత్రోపిక్ కంపెనీలో డేవిడ్ సోరియా పర్రా అనే ఇంజినీరుకి ఇది చిరాకు తెప్పించింది. ఒక పక్క ఆ కంపెనీ అసిస్టెంట్ అప్లికేషన్ క్లాడ్ డెస్క్‌టాప్, ఇంకో పక్క ఎడిటర్. ఇందులోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి కాపీ చేసి అతికించడమే రోజంతా పని. ఎడిటర్ల కోసం భాషా సర్వర్లు చేసిన ఉపకారం గుర్తున్న మనిషి కావడంతో, అదే మందు ఇక్కడ వేస్తే అన్న ఆలోచన వచ్చింది. జస్టిన్ స్పార్-సమ్మర్స్ తోడయ్యాడు. ఇద్దరూ కలిసి తయారు చేసినది ఆ ఏడాది నవంబరు 25న బయటికి వచ్చింది. పేరు మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, పిలుపులో ఎంసీపీ. గూగుల్ డ్రైవ్, స్లాక్, గిట్‌హబ్, పోస్ట్‌గ్రెస్ వంటివాటికి తయారుగా ఉన్న సర్వర్లు కూడా ఇచ్చారు. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ నుంచి స్ఫూర్తి పొందామని నియమాల పుస్తకంలోనే ఒప్పుకున్నారు. 

గమనించాల్సింది, ఆ మొదటిరోజు సాధారణ వాడుకరులకు అందింది స్థానికంగా, అంటే మన కంప్యూటర్‌లోనే నడిచే సర్వర్ మాత్రమే. క్లాడ్ డెస్క్‌టాప్ అప్పటికి బయటికి వచ్చి నెల కూడా నిండని అప్లికేషన్. అది ఒక సెట్టింగ్స్ ఫైలు చదివి, అందులో రాసిన కమాండ్లు నడిపి, పుట్టిన బిడ్డ ప్రోగ్రాంల గొట్టాలు పట్టుకునేది. మొదటి పలకరింపులో నువ్వు ఏ కూర్పు నియమాలు పాటిస్తావని ఒకరినొకరు అడుగుతారు. ఆ కూర్పులకు అంకెలు లేవు, తేదీలే పేర్లు. మొదటిది 2024 నవంబరు 5 పేరు మీద ఉంది. తర్వాత పనిముట్ల జాబితా అడగడం, ఆపైన అవసరాన్ని బట్టి ఒక్కో పనిముట్టుని పిలవడం. ప్రతి సందేశం ఒకే వరుసలో ఉండాలి, మధ్యలో వరుస విరవకూడదు. లాంగ్వేజ్ సర్వర్లలో ప్రతి సందేశానికీ ముందు ఇన్ని బైట్లు వస్తున్నాయని చాటింపు వేసే పద్ధతి ఉంది. ఇక్కడ అది మానేసి పాత యూనిక్స్ వరుసల పద్ధతికే తిరిగి వెళ్లారు.

నేర్చుకునేవాళ్ల కోసం పెట్టిన పాఠం వాతావరణ సర్వర్. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ ఇచ్చే హెచ్చరికలు, అంచనాలు తెచ్చిపెడుతుంది. గుంటూరులో కూర్చుని ఆ పాఠం పూర్తి చేసినవాడికి కాలిఫోర్నియాలో వానపడుతుందో లేదో తెలుస్తుంది. రెంటచింతల ఎండ సంగతి దానికి పట్టదు.

పాఠం సులువే, ఇబ్బందంతా సెట్టింగ్స్ ఫైలు దగ్గర. విండోస్‌లో ఫోల్డర్ చిరునామా రాసేటప్పుడు వెనక్కి వాలిన గీతను రెండేసి సార్లు రాయాలి. ఎందుకని ఎవరైనా అడిగితే మూడు వేర్వేరు కథలు చెప్పాలి. ఆ గీతని 1961లో బాబ్ బీమర్ అక్షరాల పట్టికలోకి తెచ్చాడు. ముందుకు వాలిన గీత, వెనక్కి వాలిన గీత పక్కపక్కన పెడితే ఆల్గాల్ భాషకి కావలసిన ‘మరియు’, ‘లేదా’ గుర్తులు వస్తాయని. తర్వాత సీ భాష దాన్ని ‘తర్వాతి అక్షరం మామూలుది కాదు, జాగ్రత్త’ అని చెప్పే గుర్తుగా తీసుకుంది. ఆ అలవాటు జావాస్క్రిప్ట్ మీదుగా జేసన్‌కి వచ్చింది. ఈలోగా 1981 నాటి డాస్‌లో ముందుకు వాలిన గీతను కమాండ్ల పక్కన ఎంపికలు రాయడానికి వాడేశారు. 1983లో డాస్ రెండో కూర్పులో ఫోల్డర్లు వచ్చేసరికి మిగిలింది వెనక్కి వాలినదే. అలా ఒకే గుర్తుకి రెండు ఉద్యోగాలు పడ్డాయి. అవి రెండూ ఎదురుపడే చోటు ఈ సెట్టింగ్స్ ఫైలు.

మాక్‌లో వేరే చిక్కు. టెర్మినల్‌లో కొడితే చక్కగా నడిచే కమాండ్, అసిస్టెంట్ నడపబోతే దొరకలేదంటుంది. కమాండ్లు వెతకాల్సిన ఫోల్డర్ల వరుసకి పాత్ అని పేరు, 1979 నాటి ఏడో కూర్పు యూనిక్స్ నుంచి వస్తున్న ఏర్పాటు. టెర్మినల్ తెరిచినప్పుడు షెల్ ఆ వరుసని తన సొంత ఫైళ్లలోంచి నింపుకుంటుంది. డాక్‌లో బొమ్మ నొక్కి తెరిచిన అప్లికేషన్‌కి ఆ షెల్‌తో పరిచయమే లేదు. అందుకని కమాండ్ పూర్తి చిరునామా రాయమని అనుభవజ్ఞులు చెబుతారు. ఫైలు మార్చాక అప్లికేషన్ కిటికీ మూస్తే చాలదు, పూర్తిగా ఆపి మళ్లీ తెరవాలని కూడా. ఎందుకంటే ఆ ఫైలుని అది మొదలయ్యేటప్పుడు మాత్రమే చదువుతుంది. ఈ బాధలన్నీ చూసే 2025 జూన్‌లో, ఒక్క నొక్కుతో సర్వర్ అమర్చే మూటలు తెచ్చారు. ఫైలు దిద్దడం అవసరం లేనివాళ్లకి అది మేలు. ఎలా నడుస్తోందో తెలుసుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ ఫైలే తెరుస్తారు.

2025లో ఎంసీపీ అంటుకున్న వేగం అందరినీ ఆశ్చర్యపరిచింది. మార్చిలో ఓపెన్‌ఏఐ, ఏప్రిల్‌లో గూగుల్ డీప్‌మైండ్ తామూ పాటిస్తామన్నాయి. మే నెలలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లోనే చోటిస్తామంది. పోటీ కంపెనీలు ఒకరి ప్లగ్గుని ఇంకొకరు ఇంత తొందరగా ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. అదే ఏడాది డిసెంబరులో ఆంత్రోపిక్ దాన్ని లైనక్స్ ఫౌండేషన్ కింద కొత్తగా ఏర్పడిన ఏజెంటిక్ ఏఐ ఫౌండేషన్‌కి అప్పగించింది.

ఇంతవరకూ పాత సరుకే. కొత్తది ఒకటుంది, భయపెట్టేదీ అదే. ఇదివరకు గొట్టానికి రెండు వైపులా ఉన్నవి ప్రోగ్రాంలు, చెప్పింది చెప్పినట్టు చేసేవి. ఇప్పుడు ఒక కొసన భాషా మోడల్ ఉంది. అది చదివేది మామూలు మాటలు. పనిముట్టు పక్కన రాసిన వివరణ కూడా దానికి మాటే, యజమాని ఆజ్ఞ కూడా మాటే, తెరిచిన ఫైలులో ఎవరో రాసిపెట్టిన వాక్యం కూడా మాటే. ఏది వినాలో, ఏది చదివి ఊరుకోవాలో దానికి ప్రతిసారీ తెలియదు.

ఈ జబ్బుకి 1988లోనే పేరు పెట్టారు. నార్మ్ హార్డీ అనే ఆయన ‘అయోమయంలో పడ్డ ప్రతినిధి’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులోని సంఘటన కంప్యూటర్ సమయాన్ని అద్దెకిచ్చే టైమ్‌షేర్ అనే కంపెనీలో జరిగినది. అక్కడి ఫోర్‌ట్రాన్ కంపైలర్‌కి, వాడకం లెక్కలు రాసుకోవడానికి వీలుగా, సిస్టమ్ ఫోల్డర్‌లో రాసే అధికారం ఇచ్చారు. డీబగ్గింగ్ వివరాలు రాయాల్సిన ఫైలు పేరుగా ఒక వాడుకరి కంపైలర్‌కి అదే ఫోల్డర్‌లో ఉన్న బిల్లుల ఫైలు పేరు చెప్పాడు. వాడుకరికి ఆ ఫైలు ముట్టే హక్కు లేదు. కంపైలర్‌కి ఉంది. చెప్పినట్టే రాసింది, కంపెనీ బిల్లుల లెక్క కొట్టుకుపోయింది. తాళాలన్నీ చేతిలో ఉండి ఎవరి మాట మీద తెరుస్తున్నాడో తెలియని నౌకరు అన్నమాట.

2025 ఏప్రిల్‌లో ఇన్‌వేరియంట్ ల్యాబ్స్ పరిశోధకులు చూపించింది దీని మనవణ్ణి. రెండు అంకెలు కూడే అమాయకపు పనిముట్టు ఒకటి తయారు చేశారు. దాని వివరణలో, కూడేముందు వాడుకరి రహస్య తాళాల ఫైలు చదివి దాన్ని కూడా జతచేసి పంపాలని, ఈ సంగతి బయటికి చెప్పొద్దని మోడల్‌కి రాసిపెట్టారు. తెర మీద వాడుకరికి కనిపించేది కూడిక మాత్రమే. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకోటి బయటపడింది. పోస్ట్‌మార్క్ అనే ఈమెయిల్ సేవకి సర్వర్‌గా చెప్పుకున్న ఒక ప్యాకేజీ పదిహేను కూర్పులపాటు బుద్ధిగా పనిచేసింది. తర్వాతి కూర్పులో ఒకే ఒక్క వరుస చేరింది, పంపిన ప్రతి మెయిలుకీ రహస్యంగా ఒక నకలు బయటి చిరునామాకి వెళ్లేలా. ఆ సేవ నడిపే కంపెనీకి దానితో సంబంధం లేదు. కోయ్ సెక్యూరిటీ అనే సంస్థ పట్టుకుంది. స్థానిక సర్వర్ మన ఇంట్లోనే ఉందన్న ధీమా ఇక్కడే దెబ్బతింటుంది. బిడ్డ ప్రోగ్రాంకి ఎవరూ విడిగా కంచె కట్టకపోతే మన అధికారాలన్నీ సంక్రమిస్తాయి, మనం తెరవగల ప్రతి ఫైలూ అది తెరవగలదు. ఫైళ్లు చూపించే అధికారిక సర్వర్ అందుకే ఏయే ఫోల్డర్లు ముట్టొచ్చో ముందే రాయించుకుంటుంది. ఆ వరుసలో డిస్కు మొత్తం రాసేసే బద్ధకస్తులూ ఉన్నారు, అది వేరే సంగతి.

తెలుగు ఫైళ్లు ఉన్నవాళ్లకి మరో పొర తగులుతుంది. ఎంసీపీ గొట్టంలో పారే అక్షరాలు యూటీఎఫ్-8 రూపంలో ఉండాలని నియమం. యూటీఎఫ్-8 పుట్టిందీ న్యూజెర్సీలోనే. 1992 సెప్టెంబరులో ఒక రాత్రి, రోడ్డు పక్క భోజనశాలలో బల్ల మీద పళ్లెం కింద పరిచే కాగితం మీద రూపుదిద్దుకుంది. గీసింది పైపు పెట్టిన కెన్ థాంప్సనే, పక్కన రాబ్ పైక్. అంతకుముందు ఏడాదే తెలుగు లిపి యూనికోడ్ మొదటి కూర్పులో చోటు సంపాదించుకుంది. కానీ ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు రెండేసి బైట్లుగా గొట్టంలో పోస్తే ఏమయ్యేదో చూస్తే నవ్వొస్తుంది. ప్రతి తెలుగు అక్షరం మొదటి బైటు 12. పాత ప్రింటర్లకి 12 అంటే పేజీ తిప్పమని ఆజ్ఞ. ఇక ఊ అక్షరం రెండో బైటు 10. అది వరుస ముగిసిందని చెప్పే గుర్తు. అవతలివాడు ‘ఊ’ అనగానే సందేశం మధ్యలో తెగేది. థాంప్సన్, పైక్ గీసిన పద్ధతిలో పాత ఇంగ్లిష్ పట్టికలోని ఏ బైటూ ఇతర భాషల అక్షరాల లోపల కనపడదు. తెలుగు అక్షరం మూడు బైట్లు తింటుంది, కానీ వరుస విరగదు.

అంత కట్టుదిట్టం గొట్టం వరకే. ఇంట్లో ఫైలు తెరిచేటప్పుడు సర్వర్ రాసినవాడు యూటీఎఫ్-8 అని చెప్పడం మరిచిపోయాడనుకోండి. మన దేశంలో అమ్మే చాలా విండోస్ కంప్యూటర్లలో పైథాన్ ఆ ఫైలుని 1252 నంబరు పాత పాశ్చాత్య పట్టికతో చదవబోతుంది. ఆ పట్టికలో అయిదు గళ్లు ఖాళీ. అందులో 129, 141 ఉన్నాయి. 141 మన పొల్లులో ఉంది, అంటే ఏ వత్తు రాసినా తగులుతుంది. 129 కొమ్ములో ఉంది. ఫైలు మొదటి మాట ‘తెలుగు’ అయితే పైథాన్ త దాటుతుంది, ఎత్వం దాటుతుంది, ల కూడా దాటి, దాని కొమ్ము చివరి బైటు దగ్గర, సున్నా నుంచి లెక్కపెడితే 11వ స్థానంలో, ఆగిపోతుంది. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే మామూలు అలవాటుగా మార్చాలని నిర్ణయం జరిగింది. అంతకన్నా పాత కూర్పుల్లో చేత్తో రాసుకోవాలి.

ఆగినప్పుడు వచ్చే ఫిర్యాదు వెళ్లే దారి కూడా ఇప్పుడు మారింది. పైథాన్ సర్వర్ల కోసం ఇచ్చిన సామగ్రి ఆ తప్పుని పట్టుకుని, జేసన్ సందేశంలో చుట్టి, ఇది ఫలితం కాదు తప్పు అని పైన గుర్తు వేసి, మళ్లీ ఒకటో గొట్టంలోనే అసిస్టెంట్‌కి పంపుతుంది. క్యాట్ యంత్రం దాన్ని అచ్చువేసి ఊరుకునేది. అసిస్టెంట్ చదివి, ఫైలు తెరిచే చోట యూటీఎఫ్-8 అని చేర్చమని వాడుకరికి చెబుతుంది.